నాలుగో షరతు

మార్చి 4

పేజీ మొదట్లోనే రాసి పెట్టుకుంటున్నాను, తర్వాత గందరగోళం లేకుండా. నేను చెప్పాను. "వైరు తీసెయ్" అని చెప్పాను. లిఫ్టు పైన మెషిన్ రూములోంచి మెట్లు దిగుతూ, లిఫ్టు తిరిగే షాఫ్టు వైపు తిరిగి, గట్టిగానే చెప్పాను. స్టేషన్లోనూ ఇదే చెప్పాను. రాసుకుని సంతకం తీసుకున్నారు.

ఎస్సైకి మూడుసార్లు వివరించాల్సి వచ్చింది. మూడో అంతస్తు తలుపు లాకు పాడైంది. లాకు పట్టకపోతే లిఫ్టు కదలదు, కదపకపోతే బాగుచెయ్యడం కుదరదు. అందుకని పైన ప్యానెల్లో చిన్న వైరు ముక్క పెట్టి లాకుని దాటిస్తాం. పని అయ్యాక ఆ వైరు తీసెయ్యాలి. తియ్యకపోతే తలుపు సరిగ్గా పడకపోయినా లిఫ్టు తిరుగుతూనే ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని ఇది.

ఆ అంతస్తులో ఉండే పెద్దావిడ తలుపు లాగింది, అడుగు వేసింది. లిఫ్టు అక్కడ లేదు. ప్రాణం పోయాక కూడా చేతిలో మందుల చీటీ ఉందట.

పని పూర్తయిందని లాగ్‌బుక్కులో సంతకం పెట్టింది నా బామ్మర్ది. నేను కాదు. అప్పటికే ఇంకో బిల్డింగులో ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారని ఫోనొస్తే ఆటోలో వెళ్ళిపోయాను. నిన్న సాయంత్రం వాణ్ణి తీసుకుపోయారు.

ఆ రోజు ఇద్దరం వాడి బండి మీద వెళ్ళాం. అంతే.

మార్చి 5

కంపెనీ వాళ్ళు నాలుగు రోజులు రావద్దన్నారు. ఇంట్లో కూర్చుని టూల్‌బాక్సు సర్దాను. స్పానర్లన్నీ సైజు ప్రకారం పెట్టాను. వైర్ల అర తెరవలేదు.

మార్చి 6

మా ఆవిడ ఇవాళ నోరు విప్పింది.

"మా తమ్ముడు చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. మీరు తీసెయ్ అంటే తియ్యకుండా ఎలా ఉంటాడు?"

"వినపడి ఉండదు."

"వినపడిందో లేదో మీరు చూసుకోలేదా?"

"అవతల మనిషి ఇరుక్కున్నాడే. ఫోన్లో అరుస్తున్నారు."

గిన్నెలు తోమడానికి వెళ్ళింది. తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

మార్చి 9

బెయిలు కొట్టేశారు. లాయరమ్మ నిన్నగాక మొన్న కోటు తొడిగినట్టుంది కానీ మాట గట్టిది. నేను ఆవిడ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చున్నాను. కిటికీలోంచి అంతా వినపడుతోంది.

"దర్యాప్తు మొదట్లో ఇవ్వరండీ. వాంగ్మూలాలు తీసుకోవడం అయిపోనివ్వండి, మళ్ళీ వేద్దాం."

"ఎవరివమ్మా వాంగ్మూలాలు?" అని అడిగింది మా ఆవిడ.

లాయరమ్మ లేచి వచ్చి కిటికీ మూసింది.

మార్చి 23

ఇవాళ వాణ్ణి వదిలారు. మా ఆవిడ ష్యూరిటీ. ఇల్లు ఆవిడ పేరు మీదే ఉంది కాబట్టి ఆ కాగితాలు పెట్టింది. నన్ను అడగలేదు. వాడు కోర్టుకి రాకపోతే పట్టుకొచ్చే పూచీ ఇప్పుడు ఆవిడది.

ఆర్డరు కాపీ బల్ల మీద పెట్టి వెళ్ళింది, నేను చదవాలనే. ఒకటి, సోమ, గురువారాలు పదింటికీ పన్నెండింటికీ మధ్య స్టేషన్లో సంతకం. రెండు, ఊరు దాటకూడదు. మూడు, లిఫ్టు పని ముట్టుకోకూడదు. నాలుగు, సాక్షులతో నేరుగా గానీ, ఫోన్లో గానీ, మరొకరి ద్వారా గానీ మాట్లాడకూడదు. ఏది తప్పినా బెయిలు రద్దు.

మొదటి సాక్షిని నేను.

వాడుండేది కింద గదిలో, మేముండేది పైన. మెట్లు ఒక్కటే.

నాలుగోది చదివి ఊపిరి పీల్చుకున్నాను. వాడి మంచికే. కేసు నడుస్తుండగా మాట్లాడుకుంటే వాడికే ఇబ్బంది.

మార్చి 24

పొద్దున పాలకి దిగుతుంటే వాడు గది బయట ఉన్నాడు. నన్ను చూడగానే కరెంటు మీటరు పక్కకి జరిగి, గోడకి ముఖం పెట్టి నిలబడ్డాడు, బళ్ళో మాస్టారు నిలబెట్టినట్టు. నేను దాటిపోయేదాకా కదల్లేదు. పాలు తీసుకుని వస్తున్నప్పుడూ అంతే. మెడ వెనక ఎముక తేలింది.

ముప్పై నాలుగేళ్ళవాడు. పన్నెండేళ్ళ కింద నా దగ్గర చేరినప్పుడు ఆరు నెలలు టార్చి పట్టుకోవడం తప్ప ఏ పనీ ఇవ్వలేదు. అందుకే కంపెనీలో అందరికీ వాడు టార్చి. "పట్టుకో" అంటే "చాలు" అనేదాకా దించేవాడు కాదు. ఒకసారి నేను చాలు అనడం మర్చిపోయి టీకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అలాగే పట్టుకుని ఉన్నాడు, చెయ్యి వణుకుతోంది. వారం రోజులు చెప్పుకుని నవ్వుకున్నాం.

ఏప్రిల్ 3

సోమవారం. వెళ్ళాడు.

ఏప్రిల్ 6

గురువారం. వెళ్ళాడు.

ఏప్రిల్ 19

ఇవాళ కూర్చుని సరిగ్గా గుర్తు చేసుకున్నాను. మెట్లు దిగుతూ కాదు. మెషిన్ రూము గుమ్మంలో నిలబడి చెప్పాను. ఫోను చెవి దగ్గర ఉంది. దాన్ని కిందకి దించి మరీ చెప్పాను. షాఫ్టులో మాట అడుగుదాకా వెళ్తుంది. వాడు మూడో అంతస్తులో ఉన్నాడు. వినపడాలి.

మే 11

వాడు సందు చివర ఇస్త్రీ కొట్లో కుదిరాడు. లిఫ్టు ముట్టుకోకూడదు కదా. ఆ చేతులతో చొక్కాలు మడత పెడుతున్నాడు. మా ఆవిడ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్తోంది.

"వాడికి నలతగా ఉంది. ఏమైనా చెప్పమంటారా?" అంది ఇవాళ.

"మరొకరి ద్వారా కూడా కూడదని ఉంది."

"బావ ఎలా ఉన్నావని అడిగాడు, అని చెప్తాననుకున్నా. అంతే."

"అదీ మాటే. నీ పూచీ మీద బయట ఉన్నాడు, నువ్వే షరతు తప్పిస్తావా?"

చట్టం చదివినవాడిలా మాట్లాడాను. నాకే ముచ్చటేసింది. ఆవిడ క్యారేజీ మూత బిగించుకుని వెళ్ళిపోయింది.

జూన్ 8

ఆ బిల్డింగు ముందు నుంచి వెళ్ళాల్సి వచ్చింది. పెద్దావిడ భర్త నీళ్ళ సీసా పట్టుకుని మెట్లెక్కుతున్నాడు. లిఫ్టు బాగుచేశారు, పక్కనే లైటు వెలుగుతోంది. ఆయన మెట్ల మీదే ఆగి ఆగి ఎక్కుతున్నాడు. నేను రోడ్డు అవతలికి దాటేశాను.

జూలై 2

తాళం గురించి రాయకూడదనుకున్నాను. రాస్తే మాత్రం ఏమైంది, ఈ పుస్తకం ఎవరు చదువుతారు.

వైరు మర్చిపోతామేమోనన్న భయం మా పనిలో ప్రతివాడికీ ఉంటుంది. దానికి నేను కనిపెట్టిన మందు ఒకటుంది. వైరు పెట్టినవాడు తన బండి తాళం కూడా ఆ వైరు పక్కనే ప్యానెల్లో తగిలించాలి. పని ముగించి కిందకి వెళ్ళి జేబు తడుముకుంటే తాళం ఉండదు. మళ్ళీ పైకి రావాల్సిందే, వైరు చూడాల్సిందే. టార్చికి మొదట నేర్పింది ఇదే. పన్నెండేళ్ళలో మేం ఒక్క వైరు వదిలి రాలేదు. ఎవరి బండి తాళం వాడి జేబులో ఉంటే పైన వైరు లేనట్టే, ఇదే మా లెక్క.

ఆ రోజు నా బండి షెడ్డులో ఉంది. వాడి బండి మీద వెళ్ళాం. వైరు పెట్టింది నేను. తగిలించడానికి నా దగ్గర తాళం లేదు. వాడి తాళం తెచ్చుకోవాలంటే కిందకి దిగి మళ్ళీ ఎక్కాలి. ఐదు నిమిషాల పనే కదా అనుకున్నాను. వైరు పెట్టానని వాడికి తెలుసు. దాన్ని నేనే తీస్తానని కూడా వాడికి తెలుసు, ఎప్పుడూ అంతే కాబట్టి.

అందుకే నోటితో చెప్పాను.

ఆగస్టు 21

ఛార్జిషీటు వేశారు. ప్రభుత్వ లాయరు నన్ను పిలిపించాడు. బల్ల మీద ఫైళ్ళు గడ్డం దాకా ఉన్నాయి.

"షరతులు తగ్గించమని పిటిషన్ వేశారు. ఒకే ఇల్లు, దగ్గరి చుట్టాలు, నాలుగోది ఎత్తెయ్యండి అంటున్నారు. మీకేమైనా అభ్యంతరమా?"

"మీరే చెప్పండి సార్."

"నేనేం చెప్పను? మిమ్మల్ని ఒత్తిడి చేస్తాడని భయం ఉంటే చెప్పండి. మీ సాక్ష్యం అయ్యేదాకా ఉంచమంటాను."

"ఉంటేనే మంచిదేమో సార్."

"మంచిదేమో అంటే కుదరదు. భయం ఉందా, లేదా?"

"ఉంది," అన్నాను.

అబద్ధం కాదు. భయం ఉంది.

ఆగస్టు 28

సంతకం నెలకి ఒకసారికి తగ్గించారు. ఛార్జిషీటు పడింది కాబట్టి దర్యాప్తు ముగిసినట్టే, ఇక వారానికి రెండుసార్లు స్టేషన్ చుట్టూ తిప్పడం అనవసరం అన్నారట. ముందుగా చెప్పి ఊరు దాటొచ్చు. నాలుగోది మాత్రం కదల్చలేదు. సాక్షికి భయం ఉందని ఆర్డర్లో రాశారు.

మా ఆవిడ ఆ లైను నాకు చదివి వినిపించింది.

"ఎవరికండీ భయం? ఆ బిల్డింగు వాచ్‌మన్‌కా?"

"అయ్యుండొచ్చు."

కాగితం మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. నేను తేలు కుట్టిన దొంగలా పేపరు చదువుకుంటూ కూర్చున్నాను.

సెప్టెంబరు 10

మా ఆవిడ ముందు గదిలో నేల మీద పడుకుంటోంది. నడుం నొప్పికి నేలే హాయిగా ఉంటుందంటోంది. ఆవిడకి నడుం నొప్పి ఎప్పుడూ లేదు.

అక్టోబరు 5

పనిలో కొత్త మనిషిని నాకు జత చేశారు. మాటకారి. వైరు పెట్టిన ప్రతిసారీ తాళం తగిలిస్తున్నాను, తీసేటప్పుడు రెండుసార్లు చూసుకుంటున్నాను. "మీ అంత జాగ్రత్త మనిషిని చూడలేదు గురూగారూ" అన్నాడు. నేను ప్యానెల్ మూత బిగించాను.

నవంబరు 14

విచారణ మొదలైంది. ఇప్పుడు స్టేషన్లో సంతకం లేదు. దాని బదులు ప్రతి వాయిదాకీ వాడు కోర్టులో ఉండాలి. పేరు పిలిస్తే పలకాలి. పలక్కపోతే వారెంటు, మా ఆవిడకి నోటీసు. ఇవాళ పిలిచారు, పలికాడు, జడ్జిగారు సెలవులో ఉన్నారన్నారు, వచ్చేశాడు.

జనవరి 23

వాడికి జ్వరం, నిలబడలేకపోతున్నాడు. ఇవాళ వాయిదా. లాయరమ్మ డాక్టరు చీటీ ఉంటే చాలందట. వాడు వినలేదు, అక్క మాట పోతుందన్నాడట. మా ఆవిడ ఆటోలో తీసుకెళ్ళింది. పైనుంచి చూశాను. ఆటో ఎక్కేటప్పుడు వాడి కాలు జారింది. కిందకి దిగబోయి, షరతు గుర్తొచ్చి ఆగిపోయాను.

షరతు గుర్తొచ్చే ఆగాను.

ఫిబ్రవరి 27

సాక్ష్యం చెప్పాను.

ప్రభుత్వ లాయరు అడిగినంతసేపు బాగానే ఉంది, వాంగ్మూలం అప్పజెప్పాను. తర్వాత లాయరమ్మ లేచింది.

"మీరు తీసెయ్ అన్నప్పుడు ఇతను ఏమన్నాడు?"

"గుర్తులేదండీ."

"జవాబు కూడా వినకుండా వెళ్ళిపోయారా? ప్రాణాలతో పని కదా."

అందరూ నన్నే చూస్తున్నారు. పెద్దావిడ భర్త ముందు వరసలో ఉన్నాడు.

"సరే బావా అన్నాడు," అన్నాను.

స్టేషన్లో ఈ మాట చెప్పలేదని లాయరమ్మ గట్టిగానే పట్టుకుంది. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలీదు. వచ్చేసింది. బోనులో వాడు తలెత్తి నన్ను చూశాడు. ఏడాది తర్వాత మొదటిసారి. కోపంగా చూసుంటే బాగుండేది. ఏదో పోగొట్టుకుని వెతుక్కునేవాడిలా చూశాడు.

తాళం గురించి అడుగుతుందని చివరిదాకా కాచుకుని ఉన్నాను. అడగలేదు. అంటే వాడు ఆవిడకి చెప్పలేదు.

మార్చి 6

నా సాక్ష్యం అయిపోయింది కాబట్టి నాలుగో షరతుతో ఇక పని లేదట. కానీ ఎత్తేసేదాకా ఆర్డరు ఆర్డరే. తీర్పు దగ్గర్లోనే ఉంది, ఈలోపు పిటిషన్ ఎందుకన్నాడట వాడు. గోడ వైపు తిరుగుతూనే ఉన్నాడు.

ఏప్రిల్ 18

దోషి అన్నారు. రెండేళ్ళు.

నా సాక్ష్యం నమ్మదగ్గదిగా ఉందని జడ్జిగారు చదివారు. బంధువై ఉండి కూడా నిజం చెప్పాడు అని ఉంది తీర్పులో.

వెంటనే జైలుకి పంపలేదు. పైకోర్టుకి వెళ్ళడానికి నెలన్నర గడువిచ్చి శిక్ష ఆపారు. పాత పూచీ తీర్పుతో తీరిపోయింది. పాత షరతుల మీదే కొత్త పూచీ కావాలన్నారు. మా ఆవిడ మళ్ళీ సంతకం పెట్టింది. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా చాలాసేపు కుర్చీలో కూర్చుంది.

ఏప్రిల్ 19

నేను చెప్పాను. తీసెయ్ అన్నాను.

మే 20

నాలుగింటికి తలుపు కొట్టారు. మా ఆవిడ తీసింది. టార్చి గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు, చేతిలో కాగితం.

"పైకోర్టు బెయిలిచ్చింది బావా. అప్పీలు తేలేదాకా శిక్ష ఆపారు. పిలిచినప్పుడు రావాలి, ఇల్లు మారితే చెప్పాలి. అంతే, చూడు. సాక్షుల లైను లేదు. లాయరమ్మని రెండుసార్లు అడిగా. సాక్ష్యాలన్నీ అయిపోయాయి కదా, ఇక మాట్లాడుకోవచ్చంది."

పద్నాలుగు నెలల తర్వాత ఆ గొంతు. లోపలికి రమ్మన్నాను. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. మా ఆవిడ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.

"నిన్నొక్క మాట అడగాలి. నువ్వు సాక్ష్యం చెప్పిన రోజే అడుగుదామనుకున్నా, షరతు అడ్డమొచ్చింది."

"అడుగు."

"నేను సరే అన్నానని కోర్టులో చెప్పావు కదా. ఎంత ఆలోచించినా గుర్తుకు రావట్లేదు బావా. తాళం నా జేబులోనే ఉంది. నువ్వు వైరు తీసేసే వెళ్ళావనుకుని సంతకం పెట్టి వచ్చేశా. కానీ నువ్వు చెప్పానంటే చెప్పే ఉంటావు. నా బుర్రకే ఏదో అయింది. ఇస్త్రీ పెట్టె ఆపానో లేదో అని సందు చివరి నుంచి రోజుకి నాలుగుసార్లు వెనక్కి పోయి చూసుకుంటున్నా. నేను ఎప్పుడన్నాను, ఎక్కడ నిలబడి అన్నాను, అది చెప్పు. గుర్తొస్తే మనసు కుదుటపడుతుంది."

"తాళం సంగతి లాయరమ్మకి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నీ మీదకి రాదా? అక్క ఏమైపోతుంది?"

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది.

ఇక్కడ రాస్తున్నాను. నేను చెప్పలేదు. మెట్ల మీదా చెప్పలేదు, గుమ్మంలోనూ చెప్పలేదు. ఫోను చెవికి పెట్టుకునే దిగిపోయాను. ఆటోలో సగం దూరం వెళ్ళాక వైరు గుర్తొచ్చింది. వాడికి ఫోను చెయ్యాలనుకున్నాను. వాడే చూసుకుంటాడులే అనుకున్నాను. ఫోను చేతిలోనే ఉంది. చెయ్యలేదు. ఆ పెద్దావిడ పడింది ఆ తర్వాత గంటన్నరకి.

ఇదంతా వాడికి చెప్పాను. ఇక్కడ రాసిన వరసలోనే చెప్పాను. కొడతాడనుకున్నాను. కొట్టాలనే కోరుకున్నాను.

"అయితే నేను మర్చిపోలేదా బావా?"

"లేదు."

"సరే అనలేదా?"

"నేను చెప్పందే నువ్వెలా అంటావు?"

రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. కాసేపటికి లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. "నేను కాదంట అక్కా, నేను మర్చిపోలేదంట," అన్నాడు. పరీక్ష పాసయ్యానని చెప్పినట్టు చెప్పాడు. నా బతుకులో ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

మా ఆవిడ వాడి తల నిమురుతూ ఉండిపోయింది. నా వైపు చూడలేదు.

మే 21

ముగ్గురం లాయరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఈసారి నేను బయట కూర్చోలేదు. విన్నాక ఆవిడ పెన్ను కింద పెట్టింది.

"ఇది అఫిడవిట్టుగా రాసి పైకోర్టులో వేస్తే ఇతని అప్పీలుకి బలం వస్తుంది. కానీ మీ మీద రెండు కేసులవుతాయి. అబద్ధపు సాక్ష్యం ఒకటి, ఆవిడ చావు ఒకటి. తెలుసు కదా?"

"తెలుసండీ. బెయిలొస్తుందా?"

"మొదట్లో రాదు. తర్వాత వస్తుంది, షరతుల మీద."

ఏ షరతులని అడగలేదు. ఈసారి మొదటి సాక్షి వాడు.

టైపు కొట్టడానికి రేపటిదాకా పడుతుందంది. బయటికి వచ్చాక నా బండి తాళం తీసి వాడి చేతిలో పెట్టాను. "రేపు సంతకం అయ్యేదాకా ఇవ్వకు," అన్నాను. వాడికి అర్థమైంది. జేబులో వేసుకున్నాడు.

ఇంటికొచ్చాక మా ఆవిడ అంది, "వాడికి పూచీ ఉన్నాను. మీకు ఉండను. ఇంకెవరినైనా చూసుకోండి."

సరే అన్నాను.

మే 22

పదకొండింటికి సంతకం పెట్టాను. వాడు తాళం ఇచ్చాడు. ఇద్దరం టీ తాగాం. ఏం మాట్లాడుకోవాలో తెలీక కొత్త మనిషి గురించి చెప్పాను, నన్ను గురూగారూ అంటాడని. వాడు నవ్వాడు.

వచ్చేటప్పుడు మెట్ల కింద మీటరు పక్కన ఆగాను. వాడు నిలబడే చోట నిలబడి చూశాను. పెచ్చులూడిన గోడ, నుదురు ఆనిన చోట నూనె మరక. ఇంకేమీ లేదు. నేను వాడికంటే పొడుగు, నా మరక ఇంకొంచెం పైన పడుతుంది.